టీంవర్క్ పేరుతో ఐడియా అరిగిపోతోంది, ఎక్కడ సర్దుకోవాలి ఎక్కడ పట్టుబట్టాలి?

పెన్సిల్‌ముక్క
ఆరేళ్ళ నుంచి డిజైన్ పని చేస్తున్నా. మా టీంలో ఎనిమిది మందిమి, ఆస్పత్రులకి మందుల కంపెనీలకి ఫారాలు, కరపత్రాలు, అట్టపెట్టెల మీద బొమ్మలు ఇలాంటివి చేస్తాం. పోయిన నెల ఒక పని వచ్చింది. డిశ్చార్జ్ అయి ఇంటికెళ్ళే పేషెంటు చేతిలో పెట్టే కాగితం, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పేది, చదవడం రానివాళ్ళకి కూడా అర్థం కావాలి అన్నారు. రెండు రాత్రులు కూర్చుని ఒకే ఒక గీత గీశా. ఎడమ నుంచి కుడికి వంపు తిరిగిన గీత, దాని మీద సూర్యుడు పైకెక్కుతాడు, నడినెత్తికొస్తాడు, దిగిపోతాడు, చివర చంద్రుడు. ఏ పూట వేసుకోవాలో ఆ పూట కిందే ఆ మాత్ర బొమ్మ, అదే ఆకారం అదే రంగు. గళ్ళు లేవు, అక్షరాలు దాదాపు లేవు.

మీటింగులో పెట్టా. ఒకరు ఖాళీగా ఉంది అన్నారు, ఒకరు లోగో కనపడట్లేదు అన్నారు, ఒకరు గళ్ళు కొడితే రాసుకోడానికి వీలుగా ఉంటుంది అన్నారు, ఇంకొకరు రంగులు తగ్గించమన్నారు. నాలుగు రౌండ్లు తిరిగాక నా చేతికొచ్చింది ఏంటంటే మామూలు గళ్ళ టేబులు, పైన మూలన అలంకారానికి ఒక చిన్న సూర్యుడు. ఎవరూ దురుసుగా మాట్లాడలేదు, అందరూ మంచిగానే చెప్పారు, అందుకే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలీట్లేదు. ఆ తర్వాత అప్రైజల్లో నా గురించి ఒక లైను రాశారు, "టీంతో కలిసి పనిచేయడం ఇంకా మెరుగుపడాలి" అని. రెండు రోజులు నిద్ర పట్టలేదు.

మీరెలా నెట్టుకొస్తున్నారో చెప్పండి. టీం వద్దు అనట్లేదు నేను. కానీ నాకంటూ వచ్చిన ఆలోచన నలుగురి చేతుల్లో పడ్డాక దాంట్లో నేను కొంచెమైనా మిగలాలి కదా.

సగంకోడ్
మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. ఎనిమిది మంది తలా ఒక గ్లాసు నీళ్ళు పోశారు అక్కా, అంతే జరిగింది.

టెస్టింగ్‌అక్క
నేను రెండో వైపు చెప్తా, తిట్టుకోకండి. మా దగ్గర ఒకబ్బాయి ఉండేవాడు, నిజంగా చురుకైనవాడు, మా సాఫ్ట్‌వేర్లో బిల్లు లెక్కలు వేసే భాగం (మాడ్యూల్) మొత్తం ఒక్కడే రాశాడు. రివ్యూకి ఇవ్వమంటే "మీకు అర్థం చేయించేలోపు నేను రాసేస్తా" అనేవాడు, మేమూ పోనీలే పని అవుతోంది కదా అని ఊరుకున్నాం. వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. నెలాఖర్లో పైసల దగ్గర రౌండింగ్ తప్పు వచ్చింది. ముగ్గురం నాలుగు రోజులు అదే ఫైలు తెరుచుకుని కూర్చున్నాం, ఒక్క చోట కూడా ఎందుకు ఇలా రాశాడో ఒక ముక్క లేదు, ఒక ఫంక్షన్ పేరు అయితే ఉట్టి "చూద్దాం2". చివరికి మొత్తం పక్కన పెట్టి మళ్ళీ మొదట్నుంచి రాశాం. అతని తెలివి అంతా అతనితోపాటే వెళ్ళిపోయింది, మాకు మిగిలింది ఆ నాలుగు రోజుల తలనొప్పి.

అందుకే "నా ఐడియా నా ఐడియా" అని ఎవరైనా అంటే నాకు ముందు ఆ ఫైలే కళ్ళ ముందుకొస్తుంది.

సగంకోడ్
అక్కా అది క్రియేటివిటీ తప్పు కాదు కదా, చెప్పకుండా దాచుకోవడం తప్పు. పెన్సిల్‌ముక్క గారు దాచుకోలేదు, తీసుకెళ్ళి అందరి ముందు పెట్టారు, పెట్టినందుకే అరిగిపోయింది. రెండూ ఒకటి కాదు.

టెస్టింగ్‌అక్క
సరే అది ఒప్పుకుంటా. కానీ ఒక్కళ్ళే రెండు రాత్రులు కూర్చుని పూర్తిగా తయారు చేసి తెస్తే ఎదుటివాళ్ళకి చేయడానికి మిగిలేది వంకలు పెట్టడమే. సగంలో చూపించుంటే?

పాతకాగితం
సగంలో చూపించాలా పూర్తయ్యాక చూపించాలా అన్నదాని మీద నాకు తెలిసింది చెప్తా. బ్రెయిన్‌స్టార్మింగ్, అంటే గుంపుగా కూర్చుని ఐడియాలు పుట్టించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది అలెక్స్ ఆస్‌బర్న్, అడ్వర్టైజింగ్ మనిషి. విమర్శ వద్దు, ఎంత వింతదైనా చెప్పేయండి, పక్కవాడి మాట మీద ఇంకోటి కట్టండి అన్నాడు, ప్రపంచంలో ఆఫీసులన్నీ పట్టుకున్నాయి. 1958లో యేల్ యూనివర్సిటీలో దాన్ని పరీక్షకి పెట్టారు. నలుగురు ఒకచోట కూర్చుని ఆలోచించే గుంపులు ఒకవైపు, ఎవరికి వారు విడిగా కూర్చుని రాసిన నలుగురి జాబితాలు కలిపేస్తే వచ్చేవి ఇంకోవైపు. విడిగా రాసినవాళ్ళ దగ్గర ఐడియాలు దాదాపు రెట్టింపు వచ్చాయి.

ఎందుకలా అని తర్వాత చాలామంది తవ్వారు. 1987లో డీల్, స్ట్రోబ అని ఇద్దరు తేల్చిన ముఖ్య కారణం ఏమీ పెద్ద మనస్తత్వ రహస్యం కాదు. ఒకళ్ళు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి. ఆగేలోపు మన మాట మర్చిపోతాం, లేదా ఇక చెప్పక్కర్లేదులే అనుకుంటాం, లేదా మర్చిపోకుండా పట్టుకోవడంలోనే మెదడు సరిపోతుంది, కొత్తది పుట్టదు.

కాబట్టి పుట్టేటప్పుడు విడిగా, పెరిగేటప్పుడు కలిసి. పెన్సిల్‌ముక్క గారు రెండు రాత్రులు ఒంటరిగా కూర్చోవడంలో తప్పేం లేదు. మిగతా ఏడుగురు కూడా అలా ఒక గంట ఒంటరిగా కూర్చోకుండానే మీటింగుకి వచ్చేశారు చూడండి, లోపం అక్కడుంది.

మూడోడ్రాఫ్ట్
ఆగేలోపు మర్చిపోతాం అన్నది నా జీవితం అండీ. ప్రకటనలకి మాటలు రాస్తా. మీటింగులో నా వంతు వచ్చేసరికి చేతిలో ఉన్న నోటుబుక్కులో మూడు పదాలు ఉంటాయి, వాటి వెనక ఏం అనుకున్నానో గుర్తుండదు. ఇప్పుడు మీటింగుకి ముందే రాత్రి ఒక పేజీ రాసి అందరికీ పంపేస్తున్నా, అప్పుడు నేను సరిగ్గా మాట్లాడలేకపోయినా కాగితం మాట్లాడుతుంది.

కొత్తగాచేరా
మాలాంటి వాళ్ళు పేజీ పంపితే "వచ్చి మూడు నెలలు కాలేదు" అంటారు 😐

ఎనిమిదింటిబస్సు
నేను టీం నడిపే వైపు మనిషిని, పన్నెండేళ్ళు అయింది. పెన్సిల్‌ముక్క గారూ ఒక్కటి అడుగుతా, ఆ నాలుగు రౌండ్లలో చివరి మాట ఎవరిది?

పెన్సిల్‌ముక్క
ఎవరిదీ కాదండీ. అందరూ ఓకే అనేదాకా తిరుగుతూ ఉంటుంది. అలా అయితే ఎవరికీ అన్యాయం జరగదు అని మా లీడ్ అంటారు.

సగంకోడ్
తిలా పాపం తలా పిడికెడు. రేపు ఆ కాగితం పనిచేయకపోతే ఎవరిని అడుగుతారు? ఎవర్నీ అడగలేరు.

ఎనిమిదింటిబస్సు
అదే రోగం. ఎనిమిది మంది ఉంటే ఇద్దరిద్దరి మధ్య మాట నడిచే దారులు 28 ఉంటాయి, నలుగురే ఉంటే 6. లెక్క వేసుకోండి, మనుషులు రెట్టింపైతే దారులు నాలుగు రెట్లు దాటిపోయాయి. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఇంకా మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యం అవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, ఐబీఎంలో వందల మందితో పెద్ద ఆపరేటింగ్ సిస్టం పని నడిపినవాడు, అనుభవంతో చెప్పిన మాట. ఆ 28 దారుల్లో అందరూ ఓకే అనాలంటే ఏ మొన ఎవరికి గుచ్చుకుంటే ఆ మొన విరగ్గొట్టాలి. చివరికి మిగిలేది ఎవరికీ గుచ్చుకోనిది, అంటే ఎవరికీ గుర్తుండనిది.

మా దగ్గర నేను నేర్చుకుంది ఏంటంటే పని మొదలవ్వకముందే "దీనికి చివరి మాట ఫలానావాళ్ళది" అని రాసి పెట్టడం. అది నేనే కానక్కర్లేదు, చాలాసార్లు నేను కాదు. మిగతావాళ్ళు ఎంతైనా చెప్పొచ్చు, ఆ మనిషి అందరిదీ వినాలి, వినడం తప్పనిసరి, పాటించడం మాత్రం తన ఇష్టం. పిక్సార్ స్టూడియోలో కూడా ఇలాగే చేస్తారు, తయారవుతున్న సినిమాని తోటి దర్శకులు చూసి ఉన్నదున్నట్టు లోపాలు చెప్తారు, కానీ ఇలాగే మార్చాలి అనే అధికారం ఆ గుంపుకి ఉండదు, అది ఆ సినిమా దర్శకుడిదే. మొదట్లో నాకు ఇది కొంచెం నియంతృత్వంలా అనిపించింది. రెండేళ్ళు చేశాక చూస్తే మా వాళ్ళు ఇంతకుముందు కంటే ఎక్కువ మాట్లాడుతున్నారు. ఎందుకంటే తను చెప్పింది నెగ్గకపోతే ఓడిపోయినట్టు కాదని తెలిసింది.

టెస్టింగ్‌అక్క
ఆ చివరి మాట ఉన్న మనిషి మా "చూద్దాం2" అబ్బాయిలాంటివాడైతే?

ఎనిమిదింటిబస్సు
అందుకే వినడం తప్పనిసరి అన్నా. వినని మనిషికి రెండోసారి ఇవ్వం.

ల్యాబ్‌కోటు
గొప్పవాళ్ళకి కూడా ఇదే గొడవ. ట్రాన్సిస్టర్ కథ చూడండి, అదే రేడియోల్లో కంప్యూటర్లలో ఉండే చిన్న ఎలక్ట్రానిక్ భాగం. అమెరికాలో టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో 1947 డిసెంబర్లో బార్డీన్, బ్రాటెన్ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చేశారు, ఒకరిది లెక్క ఒకరిది చెయ్యి. ఒకరు లేకుండా ఇంకొకరి వల్ల అయ్యేది కాదు. వాళ్ళ గ్రూపు లీడరు షాక్లీ. పేటెంట్లో తన పేరు రాదని తెలిసి ఉడికిపోయి, కొత్త సంవత్సరం వేళ షికాగోలో హోటల్ గదిలో తలుపేసుకుని పేజీలకు పేజీలు రాశాడు. కొన్ని వారాల్లో అంతకంటే మెరుగైన జంక్షన్ ట్రాన్సిస్టర్ ఊహ తయారైంది. అంటే మొదటిది జంటగా పుట్టింది, రెండోది ఒంటరిగా పుట్టింది, రెండూ నిజమే. 1956లో నోబెల్ ముగ్గురికీ కలిపే ఇచ్చారు.

కానీ అసలు సంగతి ఆ తర్వాతది. షాక్లీ సొంత కంపెనీ పెట్టి మంచి మంచి కుర్రాళ్ళని ఏరి తెచ్చుకున్నాడు, ఎవరినీ నమ్మేవాడు కాదు, అంతా తన మాటే నెగ్గాలి. 1957లో ఎనిమిది మంది ఒకేసారి వదిలేసి వెళ్ళి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పెట్టారు. వెళ్ళినవాళ్ళలో ఇద్దరు తర్వాత ఇంటెల్ పెట్టారు. ఒంటరిగా అంత ఆలోచించగలిగిన మనిషి ఎనిమిది మందిని పక్కన నిలబెట్టుకోలేకపోయాడు.

నేను ల్యాబులో పనిచేస్తా కాబట్టి ఈ కథ నాకు చాలా దగ్గర. మా దగ్గరా ఒకళ్ళుంటారు అలాంటివాళ్ళు. తెలివి చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది, పక్క బల్ల మీద మాత్రం కూర్చోలేం.

సగంకోడ్
మీ టీంలోనూ ఎనిమిది మందే పెన్సిల్‌ముక్క అక్కా, లీడ్‌కి ఈ పోస్టు చూపించకండి 😄

నిశ్శబ్దం_ప్లీజ్
ఎవరూ గది గురించి మాట్లాడలేదు. మా ఆఫీసులో గోడలు పీకేశారు, అందరూ కలిసి మాట్లాడుకుంటారని. ఇప్పుడు అందరి చెవుల్లో హెడ్‌ఫోన్లు. ఇది మా ఒక్కరి కథ కాదు, 2018లో హార్వర్డ్ వాళ్ళు రెండు పెద్ద కంపెనీల్లో ఉద్యోగుల మెడలో సెన్సర్లు వేసి కొలిచారు, ఓపెన్ ఆఫీసుకి మారాక ఎదురెదురుగా మాట్లాడుకోవడం సుమారు 70 శాతం పడిపోయింది, మెయిళ్ళు మెసేజీలు పెరిగాయి. కలపాలని గోడ తీస్తే మనుషులు లోపల ఇంకో గోడ కట్టుకున్నారు. నాకు పొద్దున రెండు గంటలు ఎవరూ పలకరించకుండా ఉంటే చాలు, మధ్యాహ్నం నుంచి ఎంతమందితోనైనా ఎంతసేపైనా మాట్లాడతా. ఆ రెండు గంటలు అడిగితే మాత్రం ముభావంగా ఉంటుంది అని పేరు.

మూడోడ్రాఫ్ట్
+1. "ముభావం" నా అప్రైజల్లో కూడా.

నాకు గది కంటే పేరు పెద్ద బాధ. రెండేళ్ళ క్రితం ఒక ప్రకటనకి మూడు మాటల లైను నేను రాశా, బస్సులో రాశా, టికెట్ వెనక. అది బాగా పోయింది, హోర్డింగుల మీద ఎక్కింది. ఆఫీసు సభలో "టీం అద్భుతంగా చేసింది" అని చప్పట్లు. టీంలో ఇద్దరికి ఆ లైను ఎవరు రాశారో కూడా తెలీదు. సొమ్మొకడిది సోకొకడిది. ఆ టికెట్ ఇంకా నా పర్సులో ఉంది, సిరా అలుక్కుపోయింది. ఆ తర్వాత ఆరు నెలలు నేను మంచి లైను ఒక్కటి కూడా మీటింగులో చెప్పలేదు, చెప్పబుద్ధి కాలేదు. ఇది తప్పని తెలుసు, అయినా కాలేదు.

పాతకాగితం
తిరుపతి వేంకట కవులు గుర్తొచ్చారు. ఇద్దరు రాసినా పుస్తకాల మీద జంట పేరే, ఏది ఎవరిదో విడదీయనివ్వలేదు. తిరుపతి శాస్త్రి గారు పోయాక కూడా రెండో ఆయన చెళ్ళపిళ్ళ వారు తను ఒక్కరే రాసినవాటికి జంట పేరే పెట్టుకున్నారు. పేరు పంచుకోవడంలో అంత ప్రేమ కూడా ఉంటుంది.

మూడోడ్రాఫ్ట్
వాళ్ళు ఇష్టపడి పంచుకున్నారండీ. నా దగ్గర్నుంచి అడక్కుండా పంచేశారు. తేడా అంతా అక్కడే.

పాతకాగితం
నిజం. నేను ఆ తేడా చూడకుండా రాశాను, మీ మాటే సరైంది.

టెస్టింగ్‌అక్క
మూడోడ్రాఫ్ట్ చెప్పింది చదివాక నాకు ఒకటి తట్టింది. రింగెల్‌మన్ అని ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజినీరు, మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు, 1913లో అచ్చయింది. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరు పెట్టే బలం విడిగా లాగినప్పటి దాంట్లో సుమారు సగం. మనం గుంపులో గోవిందా అంటామే అదే. తర్వాత అమెరికాలో చప్పట్లు కొట్టించి, కేకలు పెట్టించి చూసినా అంతే, గుంపులో ఒక్కొక్కరి చప్పుడు తగ్గిపోయింది. కానీ ఎవరి చప్పుడు ఎంతో విడిగా తెలుస్తుంది అని ముందే చెప్తే ఆ తగ్గుదల దాదాపు పోయింది.

అంటే పేరు రాయడం అహంకారానికి కాదు, టీం పని బాగుండాలన్నా ఎవరు ఏం చేశారో కనపడాలి. మా ఫైలు మీద కూడా ఎవరు ఏది ఎందుకు మార్చారో పేరుతో రాయడం మొదలుపెట్టాక రివ్యూలు శ్రద్ధగా చేస్తున్నారు. ఇది నేను మొదట రాసినదానికి కొంచెం ఎదురు మాటే, అయినా చెప్పాలి.

కొత్తగాచేరా
నా ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు, మళ్ళీ అడుగుతున్నా. చివరి మాట నాది కాదు, పేరు కూడా అక్కర్లేదు. తొమ్మిది మంది ఒకటే అంటుంటే నాకు మాత్రం తప్పనిపిస్తే నోరు ఎలా విప్పాలి? ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెదొక దారి అని మా టీంలో ఒకాయన నవ్వుతూనే అంటారు, కానీ అందరి ముందూ అంటారు.

ల్యాబ్‌కోటు
పట్టించుకోకపోవడం మా తప్పు. సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల్లో గీతల పొడవు అడిగిన ప్రయోగం ఉంది. గుంపులో మిగతావాళ్ళంతా ముందే మాట్లాడుకుని తప్పు గీత చూపిస్తుంటే, కళ్ళెదురుగా తేడా కనపడుతున్నా నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా తలూపేశారు. కాబట్టి నీకు భయం వేయడం నీ పిరికితనం కాదు తమ్ముడూ, మనిషి తీరే అంత. కానీ దాంట్లోనే ఇంకోటి ఉంది. గుంపులో ఒక్కడు, ఒకే ఒక్కడు, సరైన గీత చూపిస్తే ఆ తలూపడం బాగా పడిపోయింది. తొమ్మిది మందినీ ఒప్పించక్కర్లేదు, మీటింగుకి ముందు ఒక్కరితో మాట్లాడుకుని వెళ్ళు.

కొత్తగాచేరా
తమ్ముడు కాదు చెల్లి 🙂 కానీ ఇది చేయగలను అనిపిస్తోంది. ఒకామె ఉంది మా టీంలో, ఎక్కువ మాట్లాడదు కానీ వింటుంది.

వార్డునెం4
నేను నర్సుని, డిజైన్ గురించి తెలీదు, ఇంట్లో వాళ్ళు పంపితే ఈ చర్చ చదివా. పెన్సిల్‌ముక్క గారూ మీ కాగితం మాటలతో చదువుతుంటేనే బాగుంది, రోజూ డిశ్చార్జ్ అప్పుడు గళ్ళ కాగితం ఇచ్చి వేలు పెట్టి చూపించి చూపించి విసిగిపోయినదాన్ని. ఒకటే సందేహం, ఆ చంద్రుడు ఏ ఆకారంలో గీశారు?

పెన్సిల్‌ముక్క
సగం చంద్రుడు అండీ, సూర్యుడికి వేరుగా కనపడాలని. ఎందుకు?

వార్డునెం4
సగం మాత్ర వేసుకోవాలి అనుకుంటారు. మాత్ర కూడా గుండ్రంగా ఉండి పైన సగం గుండ్రం కనపడితే మా దగ్గరకొచ్చే పెద్దవాళ్ళు కచ్చితంగా విరిచేస్తారు. కొన్ని మాత్రలు విరిస్తే లోపలి మందు ఒక్కసారే విడుదలైపోతుంది, అవి విరవకూడనివి. మీరు బాధపడాలని కాదు, కాగితం నాకు నచ్చింది కాబట్టే చెప్తున్నా.

పెన్సిల్‌ముక్క
పొద్దున మీ పోస్టు చదివి అరగంట ఏం చేయలేకపోయా. ఇక్కడ ఒకటి చెప్పలేదు నేను, గుర్తు కూడా లేదు, ఇప్పుడే గుర్తొచ్చింది. రెండో రౌండులో మా టీంలో ఒకమ్మాయి, అసలు నోరు విప్పని మనిషి, "ఆ చంద్రుడు ఏదో తేడాగా ఉంది" అంది. ఏంటి తేడా అని నేను అడగలేదు. లోగో పెద్దది చేయండి, రంగు తగ్గించండి అన్నవాటి పక్కనే అదీ రాసుకుని, అదీ ఒక వంకే అనుకున్నా. తను కూడా మళ్ళీ ఎత్తలేదు.

నా గీతని ఎవరూ సరిగ్గా చూడలేదు అని ఇక్కడ ఇంత రాశా. చూసిన ఒక్క మనిషిని నేను చూడలేదు.

ఎనిమిదింటిబస్సు
అందరూ ఓకే అనాలి అనే పద్ధతి చేసే పెద్ద నష్టం ఇదే పెన్సిల్‌ముక్క గారూ. అన్ని మాటలకీ ఒకే బరువు ఉన్నప్పుడు ప్రమాదం చెప్పే మాట, ఇష్టాయిష్టం చెప్పే మాట కలిసిపోతాయి. మేం రెండు కుప్పలు చేస్తాం. "దీనివల్ల ఎవరికైనా దెబ్బ తగులుతుందా, తప్పుగా అర్థమవుతుందా" అన్నది ఒక కుప్ప, అది ఎవరు చెప్పినా ఆగి తీరాలి. "నాకైతే ఇలా ఉంటే బాగుండేది" అన్నది రెండో కుప్ప, అది చేసేవాళ్ళ ఇష్టం. ఇంకోటి, సమస్య చెప్పమంటాం కానీ పరిష్కారం చెప్పొద్దంటాం. "గళ్ళు పెట్టు" కాదు, "నర్సు చేత్తో మార్చాల్సి వస్తే ఎక్కడ రాయాలి" అని అడగాలి. అప్పుడు దానికి దారి వెతికే పని, ఆ ఆనందం కూడా, గీసేవాళ్ళకే మిగులుతుంది.

మూడోడ్రాఫ్ట్
ఆ చివరి లైను ప్రింటు తీసి మా గోడకి అంటిస్తా.

సగంకోడ్
ఆ అమ్మాయితో మాట్లాడారా అక్కా?

పెన్సిల్‌ముక్క
తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నా, పని మీద పడి రాయలేదు.

మాట్లాడా. ముందు సారీ చెప్పా. ఏం తేడా అనిపించింది అని అడిగితే "ఏమో, సగం అనిపించింది" అంది, అంతే, సగం అన్న మాట అప్పుడు నోటి దాకా వచ్చి ఆగిపోయిందట. ఇద్దరం కలిసి లీడ్ దగ్గరికి వెళ్ళాం, ల్యాబ్‌కోటు గారు చెప్పినట్టు ఒక్కరు తోడుంటే నిజంగానే గొంతు వణకలేదు. ఒక్క అవకాశం అడిగాం. మళ్ళీ మీటింగు పెట్టాం కానీ మొదటి ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు, ఎవరి కాగితం మీద వాళ్ళు గీయడమో రాయడమో చేయాలి. ఎనిమిది కాగితాలు గోడకి అంటించాం, పేర్లతో. బొమ్మ విషయంలో చివరి మాట నాది, తప్పుగా అర్థమయ్యే ప్రమాదం ఉందా లేదా అన్నదాంట్లో చివరి మాట ఆ అమ్మాయిది.

తన కాగితం మీద ఆకాశమే లేదు. మనిషి ఏం చేస్తాడో గీసింది. మొహం కడుక్కోవడం, కంచం, మంచం. మాత్ర కంచానికి ఎడమవైపుంటే తినకముందు, కుడివైపుంటే తిన్నాక. నాలుగు రౌండ్లలో ఏడుగురం మాట్లాడి ఇది రాలేదు, ఇరవై నిమిషాల నిశ్శబ్దంలో వచ్చింది.

తర్వాత ఏడుగురు పెద్దవాళ్ళకి, చదవడం రానివాళ్ళకి, రెండు కాగితాలూ చూపించి మాకు చెప్పమన్నాం. నా వంపు గీత చూసి ఇద్దరు "మందు మెల్లగా పెంచి తర్వాత తగ్గించుకోవాలా" అని అడిగారు, గీత పైకెళ్ళి కిందకి దిగింది కదా మరి. నాకు ప్రాణంలాంటి వంపు అది. ఆ రోజే తీసేశా, ఎవరూ తీయమనలేదు, నేనే తీసేశా, ఈసారి నిద్ర పట్టింది. గీత మాత్రం ఉంది, తిన్నగా. గళ్ళు రాలేదు. వార్డునెం4 గారు రోజూ వేలు పెట్టి చూపిస్తున్నా అన్నారు కదా, ఆ వేలు తడుముకోకుండా సాగేలా గీత కొంచెం లావు చేశా.

కాగితం వెనక అడుగున చిన్న అక్షరాల్లో మా ఇద్దరి పేర్లూ వేయమని అడిగాం. క్లయింటు ఇంకా ఏం చెప్పలేదు. అప్రైజల్ లైను అలాగే ఉంది, దాని గురించి వచ్చే వారం విడిగా అడుగుతా.

టెస్టింగ్‌అక్క
ఆ అమ్మాయి తెచ్చిన మంచం కోసమే నాకు ఇంకోసారి చదవాలనిపించింది. తన పేరు ముందు వేయండి.

పెన్సిల్‌ముక్క
ముందే ఉంది అక్కా.

కొత్తగాచేరా
నేను కూడా మా టీంలో ఆవిడతో మాట్లాడా. రేపు మీటింగు.

వార్డునెం4
కంచం మంచం చాలా బాగుంది. ఇంకొక సందేహం ఏమనుకోకండి. చాలామందికి మాత్రలతోపాటు ఇన్‌హేలర్ ఉంటుంది, కొందరికి నాలుక కింద పెట్టుకునే మాత్ర, అది మింగకూడదు, అది పూట ప్రకారం కాదు, నొప్పి వస్తేనే. అది గీత మీద ఎక్కడ పెడతారు?

పెన్సిల్‌ముక్క
గీత మీద పెట్టకూడదు అని ఇప్పుడే అర్థమైంది. ఈ ప్రశ్న అలాగే రాసి, మీరు అడిగారని రాసి, సోమవారం గోడకి అంటిస్తా. ఇరవై నిమిషాలు ఎవరం మాట్లాడం.